హుసేనప్ప కుదిర్చిన సబ్‌వూఫర్

మైకుసెట్టు హుసేనప్ప కొత్త స్పీకరు పెట్టె కనబడితే ముందు దాని నెత్తిన అరచేయి వేస్తాడు, జ్వరం చూసినట్టు. ఆ వెంటనే తన ఘనత అందుకుంటాడు. అహోబిలం తిరునాళ్లలో తన మైకు అడవి దాటి వినపడిందట. బద్వేలు చుట్టుపక్కల నాటకమంటే తన కొమ్ము స్పీకర్లే కావాలనేవారట. కూతురు ముంతాజ్ హోం థియేటర్ కొన్నప్పుడూ అంతే. "సబ్‌వూఫర్ నువ్వే కుదిరిస్తే సరే నాయనా, లేకుంటే సాయంత్రం అంగడాయన్ను పిలుస్తా" అన్నదామె. మైకుసెట్టు ఇంట్లో పరాయివాడొచ్చి సౌండు సరిచేస్తే ఇంక పరువేముంటుంది! ఆ మోత పెట్టెను నాపరాళ్లు పరిచిన గది మూలకు నెట్టి, బిడ్డను వాల్యూమ్ దగ్గర నిలబెట్టి, పంచె ఎగ్గట్టి వీధి చివరికి నడిచాడు. మైకువాళ్ల పద్ధతి అది. ఎంత దూరం వినపడితే అంత గొప్ప. "చాల్లేదు పాపా, పెంచు!" అని కేకేశాడు. ఇంట్లో గూటిలోని స్టీలు గిన్నెలన్నీ గలగలా వణికాయి. పక్కింటి మల్లక్క బయటికొచ్చి, "ఏమప్పా, ఇంట్లో గని పేలుస్తాండారా?" అన్నది.

ముంతాజ్ వచ్చి తండ్రిని రెక్క పట్టుకొని తెచ్చి సోఫాలో కూర్చోబెట్టింది. "ఈడ కూచోని చెప్పు. వినేది మనమే గదా." తిరిగిన తిరునాళ్లలో ఏనాడూ వినేవాళ్ల మధ్య కూర్చున్నవాడు కాడు హుసేనప్ప. పెట్టెను మూలనుంచి కొంచెం కొంచెంగా జరిపించాడు, మోత తగ్గించమన్నాడు, కళ్లు మూసుకున్నాడు. తెరమీది సినిమాలో ఎక్కడో ఉరిమింది. ఆ ఉరుము నేలలోంచి మెల్లగా పాదాలకెక్కింది. గిన్నె ఒక్కటీ కదల్లేదు. "అంగడాయన వద్దులే నాయనా" అన్నది ముంతాజ్. ఆయన చేయి మీసం మీదికి పోయింది గానీ, ముఖాన దిగులు మిగిలింది.

"శానా బాగుండాది. అయితే పాపా, మనింట్లో ఇట్లాంటిది ఉండాదని వీధికి తెలిసేదెట్ల?"