ఏరియేటర్లు ఆగకూడదు

మా మావయ్యగారు పోయారు. పొద్దున్నే కాఫీ పట్టుకుని వెళ్లిన అత్తయ్యగారు గది గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ఒకసారి ఇలా రా" అన్నారు. గట్టిగా పిలవలేదు. అందుకే భయం వేసింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి కొద్దిరోజులుగా మంచం మీదే ఉన్నారాయన. పరామర్శకు వచ్చినవాళ్లు, "పోన్లెండి, మతిలేని బతుకు, తెరిపిన పడ్డారు" అంటుంటే నాకు ఒళ్లు మండింది. ఆ మతిని నిలబెట్టుకోవడానికి ఆయన ఎంత పెనుగులాడారో వీళ్లెవరూ చూడలేదు. చూసినదాన్ని నేను. అందుకే రాస్తున్నాను.

మాది భీమవరం దగ్గర ఊరు. ఇంటి వెనకే మా రొయ్యల చెరువులు. రొయ్యలకి గాలి అందేలా నీళ్లని చిమ్ముతూ తిరిగే ఏరియేటర్ల చప్పుడు మా ఇంట్లో గడియారం చప్పుడు లాంటిది, ఆగితే తప్ప వినపడదు. మావయ్యగారికి మాత్రం ఎప్పుడూ వినపడేది. ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసి, "మూడోది బరువుగా తిరుగుతోంది" అనేవారు. వెళ్లి చూస్తే చక్రానికి నాచు చుట్టుకుని ఉండేది. "చెరువుని ముందు చెవితో చూడాలి" అన్నది ఆయన మాట.

అలాంటి మనిషి ఒకరోజు వేసిన మేతే మళ్లీ వేయించారు. పాలేరు భయపడుతూ అడిగితే, ఇందాక వెయ్యలేదు కదరా అని కసురుకున్నారు. కొన్నాళ్లకి, తాను పోయించిన గట్ల మీదే ఇంటికి ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయారు. అత్తయ్యగారు ఎండదెబ్బ అన్నారు. మా ఆయన వయసు అన్నారు. తనని విశాఖపట్నం తీసుకువెళ్లమని నన్ను అడిగింది మావయ్యగారే.

అక్కడ స్కానింగులు తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. అల్జీమర్స్ అనీ, ఇంకా మొదటి దశలోనే ఉందనీ చెప్పారు. మెదడులో ఒక రకం ప్రోటీను గడ్డకట్టి పేరుకుపోతోందట. దాన్ని తొలగించే మందు ఉంది, నెలకోసారి నరంలోకి ఎక్కించాలి. మావయ్యగారు డాక్టరమ్మని ఒక్కటే అడిగారు.

"పోయింది తిరిగొస్తుందాండీ?"

"రాదండి. ఉన్నది కొంచెం నిదానంగా పోతుంది, అంతే."

ఆ మందుతో కొందరికి మెదడులో వాపు గానీ రక్తస్రావం గానీ రావచ్చనీ, మొదటి నెలల్లోనే ఆ భయం ఎక్కువనీ ఆవిడ విడమరిచి చెప్పారు. మధ్యమధ్య స్కానింగు తీసి చూడాలి. తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా ఆ క్షణమే ఫోను చెయ్యాలి. అవసరమైతే మందు ఆపేస్తాం అన్నారు. ఆ చివరి మాట దగ్గర మావయ్యగారి ముఖం బిగుసుకుంది. అది నేను చూశాను.

తిరుగు రైల్లో ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఈ పంట నుంచి నువ్వు గట్టుకి రా అమ్మా" అన్నారు. మా ఆయనకి ఐస్ ఫ్యాక్టరీతోనే సరిపోతుంది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు చెరువు గట్టు ఎక్కడం ఎవరూ ఎరగరు. పక్కనే కూర్చున్న అత్తయ్యగారు నోరు తెరవబోతే, చెయ్యెత్తి ఆపేశారు. నాకు చెరువు అప్పగించేదాకా బుర్ర నిలబడాలి, ఆయన లెక్క అది.

నెలనెలా విశాఖపట్నం వెళ్లేవాళ్లం, మందు ఎక్కించేది అరగంట పనే. ఊళ్లో మాత్రం మావయ్యగారు నీరసానికి సెలైన్లు పెట్టించుకుంటున్నారని చెప్పుకున్నారు. ఇక్కడ ఏ జబ్బుకైనా ఒక బాటిలు ఎక్కిస్తే ఓపికొస్తుందని నమ్మకం. ఇంకా మరుపు తగ్గలేదేంటని ఎవరో అడిగితే ఆయన చెప్పిన జవాబు, డాక్టర్లు చెప్పినదంతా నాకు ఒక్క ముక్కలో తెలియజేసింది. "ఏరియేటరు చచ్చిన రొయ్యని బతికిస్తుందేంటండీ? బతికున్నదాన్ని నిలబెడుతుంది."

ఇక పాఠాలు. అవి పాఠాలు కావు, వెనక ఎవరో తరుముతున్నట్టు ఉండేది. రొయ్యని ఎండకెత్తి పట్టుకుని వీపు మీది పేగు గీత మేతతో నిండుగా ఉందో లేదో చూడమనేవారు. నిన్న చెప్పిందే మళ్లీ చెప్పేవారు. చెప్పారు కదా మావయ్యగారూ అంటే ముఖం పాలిపోయేది. నేను అలా అనడం మానేశాను. మరీ మరీ చెప్పింది ఒకటుంది. "మబ్బు పట్టిన రోజు చెరువుని నమ్మకు. ఎండ లేకపోతే నీళ్లలో గాలి తగ్గిపోద్ది. ఆ రోజు కరెంటు పోయిందా, ముందు జనరేటరు, తర్వాతే ఏదైనా."

మూడోసారి మందు ఎక్కించుకుని వచ్చిన వారంలో ఒకరోజు ఆయన నుదుటి మీద అడ్డంగా గంధం కనిపించింది. ఏంటండీ అంటే, కోరుకొండ స్వామి గంధం, ఎవరో తెచ్చిచ్చారు అన్నారు. ఆయన గుడికి వెళ్తే గుమ్మం దగ్గర దణ్ణం పెట్టి వచ్చే రకం, బొట్టు నిలవనిచ్చే మనిషి కాదు. మేత చూపించడానికి దగ్గరికి వంగినప్పుడు వాసన తగిలింది. శొంఠి. వంటింట్లోకి వెళ్తే సాన మీద అరగదీసిన తడి ఇంకా ఆరలేదు. అత్తయ్యగారు నా వైపు చూడకుండా, నిన్నటి నుంచీ తల పగిలిపోతోందంటున్నారు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు అన్నారు.

మళ్లీ గట్టు మీదికి వెళ్లేసరికి నా చేతిలో ఫోను చూసి ఆయనకి అర్థమైపోయింది.

"చెప్పకమ్మా. ఆపేస్తారు. ఈ పంట అయ్యేదాకా చాలు నాకు."

చెప్తే ఆయన మతి పోతుంది. చెప్పకపోతే ఆయనే పోవచ్చు. ఆయన ఎదురుగానే ఫోను చేశాను. అప్పటికప్పుడు కారులో బయలుదేరాం. దారంతా ఆయన ఆ గంధం కూడా తుడుచుకోలేదు. స్కానింగులో వాపు కనిపించింది, అక్కడక్కడ రక్తపు మచ్చలు కూడా. ఆసుపత్రిలో ఉంచి తగ్గించారు. ఇక ఆ మందు ఎక్కించడం కుదరదన్నారు.

ఇంటికి వచ్చాక చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కాఫీ నేనిస్తే బల్ల మీద పెట్టమన్నట్టు చూసేవారు. ఆ కోపం న్యాయమైనదే అనిపించి మరీ బాధపడ్డాను. ఒక ఉదయం నేను గట్టు మీద మేత పళ్లెం పైకి లాగుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. "అలా లాగితే ఉన్న రొయ్యలు కూడా దూకిపోతాయి. నెమ్మదిగా." వచ్చి పక్కన కూర్చున్నారు. "ఉన్నంతవరకూ నేర్చుకో" అన్నారు. ఆ పంట మేమిద్దరం కలిసి పట్టాం.

ఆ తర్వాత ఒక్కొక్కటే పోయాయి. ఊరి పేరు, కొడుకు పేరు. అత్తయ్యగారు "ఈవిడ" అయ్యారు. నేను "గట్టు మీద అమ్మాయి". చెవి మాత్రం పోలేదు. ఏరియేటర్లు ఆగితే చాలు, ఏ పనిలో ఉన్నా లేచి వచ్చి వసారా మెట్ల మీద నిలబడేవారు. ఎందుకొచ్చారో ఆయనకి తెలియదు. చప్పుడు మళ్లీ మొదలయ్యాక లోపలికి వెళ్లిపోయేవారు.

ఆయన పోయిన రోజు ఆకాశం మూసుకుపోయింది. హాల్లో ఆయన్ని పడుకోబెట్టారు. చెరువు మీద పనిచేసేవాళ్లందరూ కడసారి చూపుకి వచ్చేశారు. ఏడుపుల మధ్య ఫ్యాను ఆగింది. ఎవరూ పట్టించుకోలేదు. నేను పైకి చూడను కూడా లేదు, వెనక చెరువుల మీద నిశ్శబ్దం విన్నాను. లేచాను. చుట్టాల్లో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఎక్కడికి అంది.

అత్తయ్యగారు తలెత్తారు. ఆవిడ కళ్లలో తడి కూడా లేదు.

"వెళ్లనివ్వండి. అవి ఆగితే ఆయన లేస్తారు."

నేను పరుగెత్తాను. చెరువు మీద గాలి లేదు. అంచున రొయ్యలు అప్పుడే పైకి తేలుతున్నాయి. జనరేటరు రెండుసార్లు మొరాయించి అందుకుంది. ఒక్కొక్క చక్రమే కదిలి నీళ్లు తెల్లగా లేచాయి. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి ఇంటి వైపు చూశాను. వసారా మెట్ల మీద ఎవరూ లేరు.