చివరి తూము లెక్క

ఇంజనీరు గారు పోయారని నాకు చెప్పింది లస్కరు సాయిబు గారు. కాలువ తూముల షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగం ఆయనది. నరసరావుపేటలో మా కంప్యూటర్ సెంటర్ ఒక పురుగుమందుల షాపు పైన మేడ గదిలో ఉంటుంది. ఆ రోజు పొద్దున క్లాసు మధ్యలో ఆయన మెట్లెక్కి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏంది సాయిబు గారూ, ఇట్టా వచ్చారు?" అన్నాను.

"ఇంజినీరు గారు పోయారమ్మా. గుండె ఆగిందంట. అనంతపురం నించి వినుకొండ తీసకొస్తన్నారు. మీకు చెప్పకుండా ఎట్టా పోను అని ఈడ దిగాను."

బోర్డు మీద సగం రాసిన వాక్యం అలాగే వదిలేసి, పిల్లల్ని పంపించేసి, ఆయన వెంటే వినుకొండ బస్సెక్కాను. రొంపిచర్ల దాటాక సాయిబు గారు కిటికీలోంచి చూస్తూ, "ఇంకో పంట కాలం ఆయన్ని ఈడే ఉండనిస్తే ఏం పోయేది?" అన్నారు.

ఇంజనీరు గారు నా విద్యార్థి. మా నాన్నకన్నా పెద్దవారు. ఎనభై ఏడు వేసవిలో, నేను చదువు ముగించి ఆ సెంటర్లో పాస్కల్ అనే కంప్యూటర్ భాష చెప్పడానికి చేరిన కొత్తలో, గొడుగు మడిచి పట్టుకుని, బూట్ల మీద ఎర్రటి దుమ్ముతో వచ్చారు. ఏసీ గది కాబట్టి చెప్పులు బయట విడవాలని చెబితే బూట్లు, మేజోళ్లు కూడా విప్పేసి వట్టి కాళ్లతో లోపలికి వచ్చి, "ఈ క్లాసులు ముసలాళ్లకి చెప్తారా అమ్మా?" అని అడిగారు.

చెబుతామన్నాను. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారని అడిగితే కుర్చీలో కూర్చుని చాలా నిదానంగా చెప్పారు. ఆయన చూసుకునేది సాగర్ కాలువ నుంచి చీలి ఈపూరు వైపు పోయే ఒక పిల్ల కాలువ. దాని మీద వరసగా తూములు. ఒక్కో తూము కింద ఒక్కో ఊరి పొలం. ఏ తూము ఎన్ని గంటలు తెరవాలో వంతు కట్టాలి. చివరి తూము కిందున్న పల్లెకు నీళ్లు అంది మూడు పంటలైపోయింది.

"నీళ్లు లేక కాదు టీచరమ్మా. పైన వదిలే నీళ్లు మారినప్పుడల్లా అందరి గంటలూ మళ్లీ కట్టాల. చేత్తో నేను కట్టేలోపల మళ్లీ మారిపోతన్నాయి. లెక్క లేనప్పుడు బలమున్నోడిదే వంతు. హైదరాబాదులో ట్రైనింగుకి పోయినప్పుడు ఈ యంత్రాన్ని చూశాను. నిమిషంలో కట్టుద్దంట గదా?"

మొదటి రోజు నుంచీ ఆయన నన్ను టీచరమ్మా అనే పిలిచారు. పక్క కుర్చీల్లో కుర్రాళ్లు నవ్వేవారు. నాకు సిగ్గుగా ఉండేది. మానమంటే మానలేదు.

మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేది కంపైలర్. రాతలో ఒక్క చుక్క తప్పినా అక్కడే ఆగిపోయి ఎర్రర్ అని చూపిస్తుంది. ఇంజనీరు గారు ఒక వేలితో కొట్టేవారు. వాక్యం చివర సెమికోలన్ మరిచిపోయేవారు. అప్పుడు కంపైలర్ తప్పు ఉన్న వరసను కాకుండా దాని కింది వరసను చూపిస్తుంది. ఏ తప్పూ లేని ఆ కింది వరసను పట్టుకుని ఆయన పది రకాలుగా మార్చి చూసేవారు. పై వరస చూడమని నేను చెప్పాక, కాసేపు తెరవైపు చూసి, "కట్టకి గండి ఒకచోట, తడి కనపడేది ఇంకోచోట. నాకు తెలిసిన విషయమే," అని నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆ తప్పు దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

ఎర్రర్ వస్తే మిగతావాళ్లు విసుక్కునేవారు. ఆయన మాత్రం దాన్ని పైకి, పూర్తిగా, ఎవరో చెబుతున్న మాటను విన్నట్టు చదివేవారు. నేను చెయ్యి పెట్టి సరిచేయబోతే ఆపేసేవారు. "సరిపోయింది గదాని వదిలేస్తే, ఎందుకు సరిపోయిందో తెలవదు టీచరమ్మా." ఇప్పుడు క్లాసులో ఆ మాట నేను అంటున్నాను. ఎవరిదో చెప్పను.

వానాకాలం నాటికి ప్రోగ్రాం ఒక రూపానికొచ్చింది. తప్పులేవీ లేకుండా కంపైల్ అయింది. మొదటిసారి నడిపి చూసిన రోజు పై ఊళ్లన్నిటికీ గంటలు చక్కగా వచ్చాయి. చివరి పల్లె దగ్గర మాత్రం అంకె ముందు మైనస్ గుర్తు పడింది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "అంటే ఆ ఊళ్లోంచి మనమే ఎదురు నీళ్లు పట్టుకురావాలా?"

కొన్ని రోజులు నాకేమీ అంతుపట్టలేదు. కంపైలరే పాడైందనుకుని వేరే ఫ్లాపీలోంచి మళ్లీ ఎక్కించాను. అదే మైనస్. చివరికి ప్రతి తూము దగ్గరా అప్పటిదాకా అయిన మొత్తాన్ని ప్రింటు చేయిద్దామన్నాను. ప్రింటర్ గరగరమంటూ కాగితాన్ని తోస్తుంటే ఇద్దరం వంగి చూశాం. మొత్తం పెరుగుతూ పెరుగుతూ వచ్చి, చివరి తూము దగ్గర ఒక్కసారిగా బోర్లా పడింది. అప్పుడు వెలిగింది నాకు. మేము ఆ మొత్తాన్ని ఇంటిజర్ అనే రకంలో ఉంచాం. ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాటితే దానిలో అంకె పట్టదు, తిరగబడి మైనస్‌లోకి పోతుంది. ఇది కంపైలర్ పట్టే తప్పు కాదు. రాత సరిగ్గానే ఉంది కదా. ఆ ఒక్క మాట మార్చి, ఇంకా పెద్ద అంకెలు పట్టే రియల్ అని పెట్టాను. మైనస్ పోయింది.

ఆయన సంతోషించలేదు. ప్రింటైన కాగితాన్ని మళ్లీ పైనుంచి కిందికి వేలితో చదివారు. "పైవాళ్లందరికీ సరిగ్గానే వచ్చింది చూడు. చివరాళ్లకే తిరగబడింది. మా కాలవ మాదిరే ఉంది గదమ్మా మీ పెట్టె కూడా," అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

అది తీరాక ఇంకో చిక్కు. ప్రోగ్రాం పెరిగేకొద్దీ మెమరీ చాలదంటూ కంపైలర్ సగంలో ఆగిపోయేది. ప్రతి తూము లెక్క పక్కనా ఆయన ఆ ఊరి పేరు, కింద ఏ ఏ రైతుల పొలాలున్నాయో వివరంగా రాసుకున్నారు. యంత్రం వాటిని చదవదు, మనిషి చదువుకోవడానికే. కానీ అవీ మెమరీలో చోటు తింటాయి. తీసేయమన్నాను.

"ఊళ్ల పేర్లు తీసేస్తే రేపు నా తర్వాత వచ్చేవాడికి ఏది ఎవరిదో ఎట్టా తెలుసుద్ది?" అన్నారు. గొంతులో మొదటిసారి కాస్త కోపం కనిపించింది.

పుస్తకం తిరగేసి వేరే దారి వెతికాను. కంపైలైన ప్రోగ్రామును మెమరీలో కాకుండా నేరుగా డిస్కు మీదికి రాయించవచ్చని తెలిసింది. అలా చేస్తే చోటు చాలింది. ఊళ్ల పేర్లు అలాగే ఉన్నాయి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. సాగర్ నీళ్లు ఆలస్యంగా వదిలారు, అదీ తక్కువగా. ఇంజనీరు గారు మా ప్రింటర్ మీద తీసిన వంతుల కాగితాన్ని ప్రతి తూము గోడకీ అంటించారు. ఒక ఆదివారం నన్నూ రమ్మంటే మొదటి తూము దగ్గరికి వెళ్లాను. అప్పటికే పాతికమంది రైతులు పోగై ఉన్నారు. వాళ్లలో ఒక పెద్ద రైతు, తెల్ల చొక్కా, చేతికి గడియారం, గోడ మీద కాగితాన్ని చూపిస్తూ గట్టిగా అరుస్తున్నాడు.

"పెట్టె చెప్తే మా తూము దించాలా? ఏంది ఇంజినీరు గారూ ఈ అన్యాయం? ఏ కాలంలో అయినా ఉందా ఇది?"

ముందురోజే నేను ఇంజనీరు గారికి చెప్పి ఉన్నాను, కంప్యూటర్ ఇలా ఇచ్చింది, నా చేతుల్లో ఏమీ లేదు అనండి సార్, ఎవరూ మాట్లాడరు అని. ఆయన నావైపు ఒకసారి చూసి, రైతు వైపు తిరిగారు.

"పెట్టె చెప్పలేదయ్యా. చెప్పింది నేను. అది లెక్క కట్టిందంతే. తప్పుంటే నన్నడుగు, ఇయ్యాలే కూర్చుని చూద్దాం. నీ ఎకరాలు ఎన్ని వేశానో నువ్వే చదువుకో."

ఆ రైతు చదువుకున్నాడు. తప్పు దొరకలేదు. దొరకనందుకు కోపం ఇంకా పెరిగినట్టుంది, మోటారు సైకిలెక్కి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు, కంప్యూటర్ మీదికి నెట్టేస్తే సరిపోయేది కదా సార్ అన్నాను. "రేపు తప్పొస్తే రైతులు ఎవర్ని అడుగుతారు టీచరమ్మా? పెట్టెనా?" అన్నారు.

రెండు వంతులు లెక్క ప్రకారం నడిచాయి. చివరి పల్లెకు రెండు తడులు అందాయి. అప్పటికి అక్కడ పత్తి పూత మీదుంది. మూడో తడి పడితే కాయ నిలబడేది. పైనుంచి వచ్చే నీళ్లు ఇంకా తగ్గాయి. ఇంజనీరు గారు పరుగున వచ్చి కొత్త లెక్క తీసుకుని వెళ్లారు. నిమిషంలోనే వచ్చింది లెక్క. కానీ ఆ రోజే పై ఊళ్ల రైతులు తమ తూముల షట్టర్లు ఎత్తి, మళ్లీ దించడానికి వీల్లేకుండా వాటిని తిప్పే పిడులు పట్టుకుపోయారు. అడ్డం పోయిన సాయిబు గారిని కాలువలోకి తోసేశారు. ఇంజనీరు గారు ఫిర్యాదు రాసి ఇచ్చారు. దానికి జవాబుగా వచ్చింది ఆయన బదిలీ ఆర్డరు. అనంతపురం జిల్లాకి. వెంటనే చేరాలని.

మా గదికి ఆఖరిసారి వచ్చినప్పుడు కోపం లేదు, కబుర్లూ లేవు. ప్రోగ్రామును కొత్తగా వచ్చేవారు సులువుగా నడిపేలా మార్చి ఇవ్వమన్నారు. మార్చి ఫ్లాపీ చేతికిచ్చాను. కొత్త ఇంజనీరుకు దాన్ని ఆయనే స్వయంగా అప్పగించి, పూటంతా కూర్చుని వివరించి వెళ్లారట. ఆ తర్వాత దాన్ని ఎవరూ నడపలేదు. చివరి పల్లె పత్తి ఎండిపోయింది.

నా బాధ ఇదే. ఆ లెక్క తప్పని తేలి ఉంటే సర్దుకునేదాన్ని. రాతలో తప్పు లేదు, అంకెల్లో తప్పు లేదు. అది సరైనదని ఒక్క పంటకాలం పూర్తిగా రుజువు కావాలని ఆయన ఎదురుచూశారు. అది ఆయన చూడలేదు.

వినుకొండలో ఆయన ఇంటి ముందు ఒక ట్రాక్టరు ఆగి ఉంది. చివరి పల్లె వాళ్లు వచ్చారు. ఆడవాళ్లు కూడా ఉన్నారు. అందరూ గోడవార నిలబడ్డారు. ఇంజనీరు గారి భార్యను నేను చూడడం అదే మొదలు. సాయిబు గారు నేనెవరో చెప్పగానే ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

"టీచరమ్మవి నువ్వేనా తల్లీ? అనంతపురంలో ఆయనకి కంప్యూటరు లేదు. సాయంత్రమైతే కాయితం మీద రాసి నా చేతికిచ్చి కంపైల్ చెయ్యమనేవారు. నాకేం తెలుసు? చదవగా చదవగా అలవాటైంది. ఈ వరసకి సెమికోలన్ లేదండీ అంటే మురిసిపోయేవారు. ఏ కాలవండీ ఇది అంటే, చెప్పేవారు కాదు. కాయితం మీద మాత్రం ఎప్పుడూ ఈ వైపు ఊళ్ల పేర్లే ఉండేవి."

నా చేతులు వదలకుండానే ఆవిడ, "ముప్పై ఏళ్లు ఆ కాలవల చుట్టూ తిరిగారు. నేను ఒక్క కాలవనీ చూళ్లేదమ్మా," అంది.

పెద్దకర్మ అయ్యాక, ఆవిడ బయటికి కదలగలిగిన రోజుల్లో, చివరి పల్లె వాళ్లే ట్రాక్టరు తెచ్చారు. నన్నూ పిలిచారు. కాలువ కట్టేసిన కాలం అది, అడుగున ఒండ్రు ఎండి నెర్రెలిచ్చి ఉంది. ట్రాక్టరు పోయినంత మేర పోయి, అక్కడినుంచి నడిచాం. నడిచేకొద్దీ కాలువ సన్నబడింది. చివరికి రెండు జానల వెడల్పున, పత్తి మోళ్ల మధ్య, ఒక సిమెంటు గొట్టం దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడిదాకా వచ్చాయా నీళ్లు?" అని ఆవిడ అడిగింది.

"వచ్చాయమ్మా," అన్నాడు పొలం రైతు. "రెండు తడులు. చెప్పిన గంటకే వచ్చాయి. మేం పారలు కూడా తెచ్చుకోలా, నిజంగా వస్తాయని ఎవురనుకున్నారు? చేతుల్తోనే మళ్లేసుకున్నాం."

ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని గట్టు మీద గొంతుక్కూర్చుంది. అంచుదాకా ఎండుటాకులూ మట్టీ పేరుకుపోయిన ఆ గొట్టంలోకి చెయ్యి పెట్టి, గుప్పెడు గుప్పెడుగా తీసి పక్కన పెట్టసాగింది. రైతు ఒకటి రెండుసార్లు వద్దమ్మా అన్నాడు. తర్వాత అతనూ ఎదురుగా కూర్చుని రెండో వైపు నుంచి తీయడం మొదలుపెట్టాడు.