ఉత్తరానికి తల పెట్టని బందిపోటు

విడపనకల్లు దగ్గర గొర్రెలు కాసుకునే హనుమంతప్పకు యాభై రెండో ఏట సినిమా వేషం దొరికింది. అదీ కౌబాయ్ సినిమా. తీసేవాడు గుమ్మఘట్ట గిరి. అతని దగ్గర ఉన్నదల్లా ఒక కెమెరా, పెళ్లి ఊరేగింపులకు పోయే ఒక ముసలి గుర్రం, సంతలో కొన్న పది టోపీలు. అమెరికా మాత్రం ఊరి బయటే దొరికింది: ఎర్రమట్టి, బండరాళ్లు, కనుచూపు మేర చెట్టన్నది లేని బయలు.

హనుమంతప్ప మీసం చూసి గిరి అతన్ని బందిపోటును చేశాడు. మాటల్లేవు. హీరో కాలిస్తే పడి చావాలి, అంతే. చచ్చాక ముఖం తెర నిండా కనబడుతుందన్న సంగతి హనుమంతప్ప మూడు ఊళ్లలో చెప్పుకొచ్చాడు. ఆ చావు చూద్దామని భార్య నల్లమ్మ పుట్టింటివాళ్లను వెంటబెట్టుకొచ్చి బండ మీద కూర్చుంది.

పొద్దున్నే తుపాకి పేలింది. హనుమంతప్ప గుండె పట్టుకున్నాడు, తూలాడు, వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టు ఉండొచ్చు కదా! మోచేతుల మీద లేచి, సూర్యుడు ఎటున్నాడో చూసి, గడియారం ముల్లులా జరిగి, తూర్పుకు తల పెట్టుకుని మళ్లీ చచ్చాడు.

"కట్! ఏమన్నా ఇది, సచ్చినోడు యాడన్నా తిరుగుతాడా?" అన్నాడు గిరి.

"ఉత్తరానికి తల వచ్చె కదప్పా. బతికుండేటోడు అట్ల పండుకోగూడదు."

"నువ్వు బతికి లేవన్నా! సచ్చినావు!"

"అది నీ సినిమాలో. మాపు ఇంటికి పోయి సంగటి తినేది ఈ మనిషే కదా?"

రెండోసారి మనసు గట్టి చేసుకున్నాడు. మనసు ఒప్పుకుంది గానీ నడుము ఒప్పుకోలేదు, పడుతూ పడుతూనే మెలి తిరిగింది. మూడోసారి బాగానే పడ్డాడు, కానీ ఎవరికీ తెలియదనుకుని తల పురుగులా పక్కకు పాకింది.

"ఎర్రన్నా, ఆ టోపీ నువ్వు పెట్టుకో," అన్నాడు గిరి, టీ పోస్తున్న ఎర్రన్నతో.

హనుమంతప్ప బండ వైపు చూశాడు. పుట్టింటివాళ్ల ముందు నల్లమ్మ తల దించుకుంది. అతను టోపీని రెండు చేతులా నెత్తికి అదిమి పట్టుకున్నాడు.

"ఒక్క మాటప్పా. నేను తిరిగితే తప్పయితాది. హీరో తిరిగితే ఏమి? ఆయన్ని పడమట నిలబడి కాల్చమను. నేను తిన్నగా తూర్పుకు తల పెట్టి సస్తా."

గిరి విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. హీరో ఓబులేష్ పడమట నిలబడ్డాడు. ఎదురెండ సూటిగా కళ్లలో కొట్టింది. అతను కళ్లు చికిలించి, పళ్లు బిగబట్టి కాల్చాడు.

"అదీ చూపంటే! రెండు దినాలుగా అట్ల చూడమనే కదా చెప్తాండా!" అని గిరి ఎగిరి గంతేశాడు.

ఇటు హనుమంతప్ప నిమ్మళంగా చచ్చాడు. కెమెరా ముఖం మీదికి వచ్చింది. ముక్కు మీద ఈగ వాలినా రెప్ప కదల్లేదు.

"కట్! ఏం సచ్చినావన్నా!"

బండ మీద చప్పట్లు మోగాయి. అవి ఇంకాస్త వినాలని హనుమంతప్ప లేవలేదు. గిరికి భయం పట్టుకుంది. నల్లమ్మకు పట్టలేదు. దిగివచ్చి మొగుడి తలాపున నిలబడింది.

"లెయ్యప్పా, సచ్చింది చాలు. మా అన్న నీతో ఫోటో దిగల్లంట."

శవం ఒక కన్ను తెరిచింది.

"లేచి దిగల్లంటనా, ఇట్లే దిగల్లంటనా?"