పొగ కోసం ఎదురుచూసిన ఏడాది

2020 మొదట్లో నన్ను సూరత్ పంపారు. కేంద్ర పర్యావరణ శాఖలో అప్పటికి నేను డిప్యూటీ డైరెక్టర్‌ని. దేశమంతటికీ ఇరవై ఏళ్ల కోసం తయారవుతున్న గాలి శుద్ధి ప్రణాళికలో సూరత్ అధ్యాయం రాయడం నా పని. ఇలాంటి ప్రణాళికకు ముందుగా ఆధార సంవత్సరం కావాలి. ఒక ఏడాది గాలిని కొలిచి, అక్కడి నుంచి ఎంత తగ్గించాలో లెక్క కడతారు. ఆ ఏడాది తప్పయితే మిగతాదంతా తప్పే.

కొలిచే యంత్రాన్ని నగరంలోని గోడాదరా పేటలో ఒక ఇంటి డాబా మీద పెట్టించాను. కింద సత్తయ్య, అతని భార్య భాగ్య అద్దెకుండేవారు. జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్లు. సత్తయ్య సాంచెల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను వాళ్లు అలాగే అంటారు. వీధి చివర బట్టలకు రంగులద్దే మిల్లు, దానికి బొగ్గుతో నడిచే బాయిలర్. యాభై దాటిన భాగ్యకు ఉబ్బసం. యంత్రంలో వడపోత కాగితం మార్చడం సత్తయ్యకు నేర్పి, డాబా తాళం అతని దగ్గరే ఉంచాను.

అంతలో లాక్‌డౌన్ వచ్చిపడింది. మిల్లులు మూతపడ్డాయి. కొన్నాళ్లకు సత్తయ్య కంగారుగా ఫోన్ చేశాడు.

“సార్, మీ మిషిన్ ఖరాబైనట్టుంది. కాగితం నల్లగైతలేదు.”

యంత్రం బాగానే ఉందని చెప్పి నవ్వాను. పాస్ తీసుకుని ఆ వీధికి వెళ్లేసరికి భాగ్య గుమ్మంలో కూర్చుని ఉంది. ఎలా ఉందని అడిగాను.

“మిల్లు బందైనంక దమ్ము మంచిగాడుతుంది సార్. గని ఈయనకు పగార్ లేదాయె. గాలి తిని బతుకుతమా?” అంది.

నాకు అసలు భయం ఢిల్లీ నుంచి వచ్చింది. చేతికందిన తాజా కొలతలనే ఆధారంగా తీసుకోవాలని మా పై అధికారి అయిన జాయింట్ సెక్రటరీ ఫోన్లో చెప్పారు. ఆ కొలతల ప్రకారం సూరత్ శుభ్రమైన నగరం. అలా తేలితే ప్రాధాన్య నగరాల జాబితాలోంచి పేరు తీసేస్తారు. బొగ్గు బాయిలర్లను గ్యాసుకు మార్చే నిధులు రావు. మిల్లులు తెరిచాక భాగ్య మళ్లీ ఆ పొగలోనే ఉండాలి. మా శాఖ తీరే అంత! యంత్రం సరిగ్గా ఉంటే అంకె సరైనదే. కొలిచిన నాడు మిల్లు నడిచిందా లేదా అని అడిగే గడి మా నమూనా పత్రంలో లేదు.

అంకెలు నిజమే కానీ ఈ ఏడాది పనికిరాదని ఫైల్లో రాశాను. మిల్లులు తెరిచాక మళ్లీ కొలుస్తానన్నాను. అధ్యాయం అచ్చుకు వెళ్లేలోగా కొత్త కొలతలు అందితే చూస్తామన్నారు.

ఇక నాకు కుదురు లేదు. ఆల్థాన్‌లో నేనుండే ఇంటి మేడ మీద నిలబడి రోజూ పొగగొట్టాల వైపు చూసేవాణ్ణి. పనివాళ్లు సగం మంది సొంతూళ్లకు వెళ్లిపోయారు. మిల్లులు ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. గాలి శుభ్రం చేయడానికి జీతం తీసుకునే నేను, పొగ రావాలని మొక్కుకోవడం ఒక్కటే తక్కువ.

చివరికి సత్తయ్య ఫోన్ చేశాడు. “షురూ అయింది సార్! సాంచెలు గిట్ట నడుస్తున్నయ్.” అతని గొంతులో పండగ. వెనక నుంచి భాగ్య దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆ దగ్గు విన్నాక నాకు సంతోషించడం చేతకాలేదు.

ఏడాది పాటు తీసిన కొత్త కొలతలు గడువులోగా అందాయి, ఒప్పుకున్నారు కూడా. సూరత్ పేరు నిలిచింది. మిల్లులన్నిటినీ దశలవారీగా గ్యాసుకు మార్చేలా అధ్యాయం ముసాయిదా సిద్ధం చేసి, యంత్రం విప్పించడానికి గోడాదరా వెళ్లాను. ఇంట్లో భాగ్య లేదు. ఈ గాలిలో ఉండొద్దని డాక్టరు చెప్పడంతో పుట్టింటికి పంపేశానన్నాడు సత్తయ్య. తీగలు విప్పుతూ నన్నడిగాడు.

“గీ గాలి ఎప్పటికి మంచిగైతది సార్? జర చెప్పున్రి, అప్పుడు తోల్కొస్త.”

ఇళ్ల మధ్య ఉన్న చిన్న మిల్లుల మార్పు ముసాయిదాలో చివరి దశలో ఉంది. ఆ సంవత్సరం చెప్పాను. అతను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

“గప్పటికి ఆమెకు డెబ్బై దాటుతయ్ సార్,” అన్నాడు. కోపంగా అనలేదు. మళ్లీ తీగలు విప్పడంలో పడ్డాడు.

ఆఫీసుకు వచ్చి ఆ మిల్లులను మొదటి దశలోకి తేవాలని రాశాను. చాలా వాదించాక రెండో దశకు ఒప్పుకున్నారు. అప్పటికి భాగ్యకు అరవై.

లక్ష్య సంవత్సరం రాసే ముందు, ఆ ఏటికి అక్కడి మనిషి ఒకరికి ఎంత వయసొస్తుందో చూసుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. మా నమూనాలో దానికీ గడి లేదు. రిటైరయ్యేదాకా మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకునేవాణ్ణి.