ఇంజనీరు గారికి మజ్జిగ

పటమటలో మా వీధి కుళాయి నీళ్లు మురుగు వాసన వస్తున్నాయని కార్పొరేషన్ వాళ్ల ప్రజావేదికలో ఈ రోజు మళ్లీ చెప్పాను. పోయినసారి ఇంజనీరు గారు నవ్వేసి, "నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి మేడం. చదువుకున్నవాళ్లకు అనుమానాలెక్కువ" అన్నారు. నాకు నిజంగానే ఎక్కువ కాబట్టి, ఇంటికొచ్చి నా ముక్కునే అనుమానించాను. ఈలోగా మా కింది వాటాలో ఉండే సుజాత గారి పాపకు కామెర్లొచ్చాయి.

అందుకే ఈసారి అల్లం, కరివేపాకు వేసి మజ్జిగ చేసి ఫ్లాస్కులో పట్టుకెళ్లాను. హాల్లో ఒకటే ఉక్కపోత. నా వంతు రాగానే ముందు ఆయనకో గ్లాసు ఇచ్చాను. గటగటా సగం తాగి, "అబ్బ, ప్రాణం లేచొచ్చిందండీ" అన్నారు.

"మా కుళాయి నీళ్లతోనే చేశానండీ."

గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "కాచారా?"

"శుభ్రమైన నీళ్లను కాచడమెందుకండీ? ఇంకాస్త పోయనా?"

వెనక నుంచి సుజాత గారు, "పోయండి వదినా, ఆయన మొహమాటపడుతున్నారు" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. రేపే పైపు తవ్వించమని అక్కడికక్కడే ఎవరికో ఫోన్ చేశారు.

నిజానికి అవి క్యాన్ నీళ్లు. మనిషిని అలా భయపెట్టడం తప్పేమో అనిపిస్తోంది. ఆయన పొట్ట తడుముకుంటూ కూర్చుని ఉంటారని తలుచుకుంటే మాత్రం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మీరైతే నిజం ఇప్పుడే చెప్పేస్తారా, పైపు మార్చాక చెబుతారా?