చెవుల్లో ఉన్ని

మొన్న ఎండలు ముదురుతున్న రోజుల్లో, తిరుమణి పక్క సోలారు పలకల దగ్గర కాపలా ఉండే ఒకాయన మధ్యాహ్నం పూట మా వాకిట్లో వచ్చి నిలబడ్డాడు. ఖాకీ ప్యాంటు, ఖాకీ చొక్కా, నడుముకు వెడల్పాటి బెల్టు, చేతిలో ఖాళీ సీసా. పాపం, తాగే నీళ్ల కోసం వచ్చాడు. తొంభైకి దగ్గరపడినదాన్ని, గోడ పట్టుకోనిదే లేవలేనిదాన్ని, ఆ క్షణాన ఎట్లా లేచానో నాకే తెలియదు. గడప దాకా వెళ్లి తలుపు మూసి గొళ్లెం పెట్టేశాను. సెలవులకు వచ్చిన మనవరాలు వంటింట్లోంచి తొంగి చూసి, "ఏందవ్వా, నీళ్లకొచ్చిన మనిషి మొగాన తలుపేస్తావా?" అని నవ్వి, గొళ్లెం తీసి, సీసా నింపి పంపింది. అప్పటికి నా చెయ్యి మూలనున్న బుట్టలో తడుముకుంటూ ఉంది. బుట్టలో ఎర్రగడ్డలు తప్ప ఏమీ లేవు. నేను వెతుకుతున్నది ఉన్ని. మా ఇంట్లో ఉన్ని బుట్ట లేకుండా పోయి ఎన్నేళ్లయిందో ఆ చేతికి ఇంకా తెలియదు.

ఈ మనవరాలు తుమకూరులో పిల్లలకు చరిత్ర పాఠాలు చెబుతుంది. తన ఇంటి చరిత్ర తనకు తెలియదన్న బెంగ ఆమెకు ఈ ఏడాదే పట్టుకుంది. మా నాయన తమ్ముడు, అంటే నా చిన్నాయన, తెల్లదొరల యుద్ధానికి పోయి తిరిగి రాలేదని ఎవరి నోటనో విని, ఆయన ఆనవాలు వెతకడం మొదలుపెట్టింది. ఏ పటాలం, ఏ దేశం, ఏ ఊరి దగ్గర పోయాడు, ఇవీ ఆమె ప్రశ్నలు. ఫోనులో ఎవరెవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతుంది, తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. "కబురు తెచ్చినాయప్ప ఊరి పేరు చెప్పినాడు కదవ్వా? నువ్వు ఆడే ఉండావు కదా?" అంటుంది. ఉన్నాను. ఆ మనిషికి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. ఆయన మీసం చివర గోధుమ రంగు గుర్తుంది, టోపీ తీసి చంకలో పెట్టుకోవడం గుర్తుంది. చెప్పిన మాట మాత్రం నాకు తెలియదు. ఎందుకు తెలియదో చెప్పాలంటే మా అవ్వ దగ్గరి నుంచి మొదలుపెట్టాలి.

మా అవ్వ, మా నాయన తల్లి, పగలంతా ఉన్ని వడికేది. మా తాలూకా మైసూరు మహారాజులది, చుట్టూ ఉన్న ఊళ్లన్నీ దొరలవి. ఏ పక్కకు నడిచినా కొంతసేపటికి సీమ మారిపోయేది, కరువు మాత్రం మారేది కాదు. అట్లాంటి ఒక కరువులో గొర్రెలకు రోగం తగిలి మందలో సగం పోయింది. కంబళ్లు అమ్ముకొస్తానని హిందూపురం సంతకు పోయిన చిన్నాయన అక్కడే పటాలంలో చేరిపోయాడు. మూడు పూటలా తిండి, కాళ్లకు బూట్లు అని ఎవరో చెప్పారట. కంబళ్లను ఊరివాళ్ల చేత భద్రంగా వెనక్కి పంపాడు. వాటిలో ఒకటి తగ్గింది. అది వాడు కప్పుకోవడానికి ఉంచుకుని ఉంటాడని అవ్వ ఏడుస్తూనే సంతోషించింది. చిన్నాయనకు అప్పటికి పెళ్లయి ఏడాది తిరగలేదు. మా అమ్మా నాయనా మేత కోసం మందను తోలుకుని పెన్న వైపు పోతే నెలల తరబడి వచ్చేవాళ్లు కాదు. ముసలి గొర్రెలు, పాలు మరవని పిల్లలు ఇంటి వెనక ముళ్లకంచె వేసిన రొప్పంలో ఉండేవి. వాటిని చూసుకుంటూ అవ్వ, చిన్నమ్మ, నేను ఇంట్లో ఉండేవాళ్లం.

భయం మా ఇంటికి రాయచెర్లు దారిన వచ్చింది. అక్కడ మా బంధువుల ఇంటికి ఒక ఖాకీ మనిషి వచ్చాడు, వాకిట్లో నిలబడి ఒక మాట చెప్పాడు, పొద్దు వాలేలోపల ఆ ఇంటి కోడలి చేతుల గాజులు పోయాయి. అవ్వ ఆ పరామర్శకు పోయి వచ్చి, రెండు రోజులు రాట్నం ముట్టలేదు. మూడో రోజు చిన్నమ్మను, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక చట్టం చెప్పింది. "మైల ఎప్పుడు పట్టుతుంది మనకు? సచ్చినప్పుడు కాదు, విన్నప్పుడు. దూరాన పోయినోళ్లకు విన్న దినమే కదా తల మింద నీళ్లు పోసుకునేది? వినకుంటే మైల లేదు. మైల లేకుంటే వాడు యాడుండాడో ఆడ బాగుండాడు." చిన్నమ్మ తల ఊపింది. నేనూ ఊపాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ చట్టంలో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం నాకు చేతకాదు.

అప్పటి నుంచి మా ఇంటికి ఖాకీ అంటే పాము కన్నా ఎక్కువ. మిద్దె మీద గింజలు ఎండబెట్టే పని నాది కాబట్టి, ఊరి బయటి రాతి గుండ్ల మధ్య నుంచి వచ్చే దారి ముందు నాకే కనిపించేది. నేను కేక వేస్తే చిన్నమ్మ రొప్పంలోకి పరుగెత్తి గొర్రెల మధ్య కూర్చునేది. అవ్వ తలుపు మూసి, బుట్టలోంచి ఉన్ని తీసి తన చెవుల్లో కుక్కుకుని, నేను దిగి రాగానే నా చెవుల్లోనూ కుక్కేది. కడగని ఉన్నికి ఒక కమురు వాసన ఉంటుంది. ఆ వాసన వస్తే ఈనాటికీ నా చేతులు చెవుల మీదికి పోతాయి. మా సీమలో ఖాకీకేమీ కొదవ లేదు. అమల్దారు కచేరీ జవాను వచ్చేవాడు, అడవి కాపలావాడు వచ్చేవాడు, టీకాలు వేసేవాడు వచ్చేవాడు. అందరికీ మా తలుపే సమాధానం. టీకాలాయన అయితే ఊరంతా పూర్తి చేసి మా వాకిట్లో అరిచి అరిచి, ఇంట్లో అందరూ చెవిటివాళ్లే అనుకుని వెళ్లిపోయాడు. ఒకసారి పెళ్లికి వచ్చిన మేళగాడు సంతలో కొన్న ఖాకీ నిక్కరు వేసుకుని మజ్జిగ అడగడానికి వస్తే అతనికీ అదే మర్యాద జరిగింది. ఊరివాళ్లు నవ్వేవాళ్లు, కానీ ఖాకీ మనిషి ఎదురుపడితే వాళ్లే మా ఇంటి దారి చెప్పకుండా పక్క దారి పట్టించేవాళ్లు. చిన్నాయన పంపిన కాగితాలు ఒకటో రెండో వచ్చాయట. కాగితం కూడా చెప్పే నోరే కదా అని అవ్వ వాటిని ఊరి లెక్కలు రాసే శానుభోగుల దగ్గరే ఉండనిచ్చింది, చదవనివ్వలేదు.

అందువల్లే ఆయన సెలవు మీద వస్తున్నాడని మాకు తెలియలేదు. ఒక మిట్టమధ్యాహ్నం గుండ్ల మధ్య ఖాకీ కనిపించింది. తలకు టోపీ, కాళ్లకు బూట్లు, వీపున మూట. కచేరీ జవాన్లకు అట్లాంటి మూట ఉండదు. కేక వేస్తూనే మిద్దె దిగాను. అవ్వ ఆ రోజు ఉన్ని ఎంత కుక్కిందంటే నా దవడలు నొప్పి పుట్టాయి. తలుపు కదిలింది. ఎవరో తట్టారు, ఆగారు, మళ్లీ తట్టారు. ఉన్ని దాటుకుని ఒక బొంగురు గొంతు లీలగా వస్తోంది. అవ్వ తలుపుకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని, గట్టిగా అంటోంది. "మాకు వినపడదప్పా. మొగోళ్లు యెవురూ లేరు. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే నీ కడుపులోనే పెట్టుకుని పో నాయనా. నీకు పుణ్యముంటాది." కాసేపటికి తట్టడం ఆగిపోయింది. పోయాడనుకున్నాం.

పోలేదు. ఆయనకు తన ఇల్లు తెలుసు. ఈ భయం తన ఖాకీని చూసేనని అర్థమై, ఇంటి వెనక్కి చుట్టి వెళ్లి, ముళ్లకంచె మీద ఖాకీ బట్టలు విప్పి పడేసి, గుంజకు వేలాడే పాత కంబళి కప్పుకుని, రొప్పంలోకి దిగాడు. గొర్రెల మధ్య తల దించుకుని కూర్చున్న చిన్నమ్మకు ముందు కంబళి అంచు కనిపించిందట, అందుకే తల ఎత్తిందట. ఇద్దరూ వెనక తలుపున లోపలికి వచ్చారు. అవ్వ ఇంకా కళ్లు మూసుకుని ముందు తలుపును ఆనుకునే ఉంది. ఆయన ఆమె ఎదుట కూర్చుని, ఒక చెవిలోంచి, తర్వాత రెండో చెవిలోంచి, ఉన్నిని మెల్లగా లాగాడు. "బట్టలు విప్పితే గానీ ఇంట్లోకి రానియ్యవా ఏందమ్మా?" అన్నాడు. అవ్వ కొడుకు మొహం తడిమి చూసి, అట్లాగే కింద కూలబడిపోయింది. ఆ తర్వాత చిన్నాయన అడిగింది నీళ్లు. చిన్నమ్మ తెచ్చిన చెంబు ఎత్తి పట్టి, మధ్యలో దించకుండా తాగాడు.

సెలవు ఉన్నన్నాళ్లు ఆయన గొర్రెలు కాచాడు, సంగటి తిన్నాడు, యుద్ధం సంగతి ఎత్తలేదు. ఆడ ఏముండాది చిన్నాయనా అని నేను అడిగితే, "వాన పాపా. మనకు పదేండ్లకు పడేది ఆడ ఒక వారంలో పడుతుంది. తడి బట్టల్లోనే తినాల, తడి బట్టల్లోనే పండుకోవాల" అన్నాడు. వాన అంటే భయపడే మనిషిని మా తాలూకాలో నేను మొదటిసారి చూశాను. ఒక పూట అవ్వ, "మళ్లీ పోకుంటే ఏమైతాదిరా?" అంది. "వెతుక్కుంటా వచ్చి పట్టుకుపోతారమ్మా" అన్నాడు, సంగటి ముద్ద పక్కన పెట్టి. పోయే రోజు ఖాకీ బట్టలు వేసుకుని వాకిట్లో నిలబడితే, ఆ బట్టల్లో కొడుకును చూడలేక అవ్వ లోపలికి వెళ్లి తలుపు వేసుకుని చెవుల్లో ఉన్ని పెట్టుకుంది. పోయొస్తానమ్మా అని బయటి నుంచి ఆయన చెప్పిన మాట ఆమె వినలేదు. గుండ్ల మలుపు దాకా చిన్నమ్మ ఒక్కతే వెళ్లింది.

ఆ సెలవు మా ఇంటి భయాన్ని తలకిందులు చేసింది. చిన్నమ్మ ఇక రొప్పంలోకి పరుగెత్తలేదు. ఖాకీలో తన మొగుడే రావచ్చని ఆమెకు ఇప్పుడు తెలుసు. తోమిన చెంబు నిండా నీళ్లు పోసి గడప పక్కన మూత పెట్టి ఉంచేది. అవ్వ కూడా తలుపు గొళ్లెం మానేసింది. ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా ఇద్దరూ వాకిట్లోకి వచ్చేవాళ్లు. నాకే భయం రెట్టింపయింది. వచ్చేది ఆయనో, ఆయన గురించి చెప్పేవాడో మిద్దె మీది నుంచి ఎట్లా తెలుస్తుంది?

చెనక్కాయలు పీకే రోజుల్లో వచ్చాడు ఆ రెండోవాడు. టోపీ, బూట్లు, వీపున మూట అన్నీ అవే. నేను ఖాకీ అన్నానో లేదో, చిన్నమ్మ చెంబు తీసుకుని నవ్వుతూ పరుగెత్తింది. అవ్వ రాట్నం ముందు నుంచి లేచి తలుపు బార్లా తీసింది. ఇంట్లో అవ్వ చట్టం పాటించింది నేను ఒక్కదాన్నే. మిద్దె దిగుతూనే బుట్టలో చెయ్యి పెట్టి రెండు చెవుల్లో ఉన్ని కుక్కుకుని గడప దగ్గరికి వచ్చాను. ఆ మనిషి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. చిన్నమ్మ చాచిన చెంబు చాచినట్లే ఉంది. ఆయన దాన్ని అందుకుని, ఆమె వైపు చూడలేక చూస్తూ, తాగాడు. ఆమె ఆయన తాగేదాకా నిలబడి, ఖాళీ చెంబు చేతిలోకి తీసుకుని, అప్పుడు కూర్చుండిపోయింది. నా చెవుల్లో నా నెత్తురు హోరు తప్ప ఏమీ లేదు. అవ్వ నా వైపు తిరిగింది. ఆమె నోరు తెరుచుకుని ఉంది. నా చెవులు చూసింది, దగ్గరికి వచ్చింది. తీసేస్తుందనుకున్నాను. బొటనవేలితో ఆ ఉన్నిని ఇంకా లోపలికి నొక్కింది.

ఆ సాయంత్రం అవ్వ, చిన్నమ్మ, కబురు అంది వచ్చిన చుట్టాలు అందరూ తల మీద నీళ్లు పోసుకున్నారు. నన్నూ బావి దగ్గరికి లాక్కుపోబోతే అవ్వ అడ్డం నిలబడింది. "ఇది వినలేదు. దీనికి మైల లేదు. ఇంట్లో ఒకరికన్నా వాడు బతికి ఉండనియ్యండి" అంది. చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నన్ను వదిలేశారు. తర్వాత కూడా నా ఎదుట ఎవరూ ఆ మాట ఎత్తకుండా అవ్వ బతికినంతకాలం కాపలా కాసింది. నాకు తెలియదని కాదు. చిన్నమ్మ ఉత్త చేతులు రోజూ చూస్తూ తెలియకుండా ఎట్లా ఉంటుంది? కానీ తెలియడం వేరు, వినడం వేరు అని మా ఇంట్లో ఒక లెక్క. ఆ లెక్కలో చిన్నాయన నా ఒక్కదాని మీద ఆధారపడి బతికాడు. పెద్దదాన్నయ్యాక, నా పెళ్లి కూడా అయ్యాక, ఒకసారి చిన్నమ్మనే అడిగాను, ఆ రోజు కబురు తెచ్చినాయన ఏ ఊరి పేరు చెప్పాడని. "నీళ్లడిగినాడు మే" అంది, అంతే. ఆమె కూడా పోయి చాలా కాలమైంది.

మొన్న బుధవారం మనవరాలు వీధిలోంచి ఫోను చేత్తో పట్టుకుని గబగబా వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అవ్వా, దొరికినాడు. మన ఊరు, వాళ్ల నాయన పేరు అన్నీ కలిసినాయి. ఆయప్ప పోయిన ఊరి పేరు కూడా ఉండాది, చెప్పేదా?" అంది. ఆమె వేసుకున్నది నీలం చుడీదారు, కానీ నా కళ్లకు ఖాకీయే కనిపించింది. చేతికి అందేంత దూరంలో దుప్పటి ఉంది, దూది ఉంది, కావాలంటే నా రెండు అరచేతులు ఉన్నాయి. ఇన్నేళ్లు మోసినదాన్ని, ఇంకొన్ని నెలలు మోయలేనా అనిపించింది. అంతలోనే, నేను పోతే నాతో పాటే ఆయన మళ్లీ పోతాడు, ఈసారి కబురు చెప్పేవాడు కూడా ఉండడు అనిపించింది. ముందు ఆమెకు చెంబుతో నీళ్లు ఇమ్మన్నాను, వంటింట్లో ఉన్న మా కోడలితో. పిల్ల తాగింది. అప్పుడు, "చెప్పు పాపా" అన్నాను.

చెప్పింది. ఆ ఊరి పేరు నాకు నోరు తిరగలేదు, రెండుసార్లు చెప్పించుకున్నాను. వానలు ఎక్కువ పడే దేశమేనట. ఆ పేరు ఇక్కడ రాయను, రాస్తే చదివినవాళ్లు కూడా స్నానం చేయాల్సి వస్తుందేమోనని మా అవ్వ తరఫున ఒక భయం ఇంకా మిగిలి ఉంది. మనవరాలు ఇంకా ఏదో చూపించబోతుంటే, గోడ పట్టుకుని లేచి బచ్చలింట్లోకి వెళ్లి, కట్టుకున్న చీరతోనే తల మీద నీళ్లు పోసుకున్నాను. అందరికీ చిన్నాయన ఆ యుద్ధం రోజుల్లోనే పోయాడు. నాకు మాత్రం మొన్న బుధవారం పోయాడు.