వరుసక్క చదివిన హెచ్చరిక

మా వరద అంచనాల ఆఫీసులో ఆవిడని అందరం వరుసక్క అనేవాళ్ళం. కంప్యూటరు ఏం రాసినా మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివితే గానీ కుర్చీలోంచి లేచేది కాదు. టైపిస్టుగా చేరి, టైపు మిషన్లు మూలపడ్డాక యంత్రాల గదిలో ఆపరేటరుగా కుదురుకుంది. పెద్ద చదువు లేదు గానీ, చూపు మాత్రం డేగ చూపు.

నది ఎంత పెరుగుతుందో లెక్కకట్టే ప్రోగ్రాం మాది. నదీ ప్రాంతాన్ని మూడు వందల ఎనభై నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఒక్కో ప్రాసెసరుకి అప్పగిస్తే అన్నీ ఒకేసారి పని చేస్తాయి. నేను కమాండులో అలవాటుకొద్దీ ఒక పాత ఆప్షను కొట్టేవాణ్ణి. "ఈ ఆప్షను ఇప్పుడు పనిచేయదు" అని ప్రోగ్రాం ఒక్కసారి హెచ్చరిస్తే చాలు. కానీ ప్రతి ప్రాసెసరూ తన వంతు తను చెప్పేది. ఒకే మాట మూడు వందల ఎనభై నాలుగు సార్లు! ఆవిడ తప్ప ఎవరూ అటు చూసేవాళ్ళు కాదు.

"అది తీసేయొచ్చుగా, బాబూ?" అనేది.

"ఉంటే నష్టమేం లేదక్కా," అనేవాణ్ణి.

ఒక ఏడాది మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. మూడో రోజు మధ్యాహ్నానికి లెక్క తేలింది. నది గట్టు దాటదట. హమ్మయ్య అనుకుని నివేదిక పంపబోతున్నాను.

"ఆగు బాబూ," అంది వరుసక్క తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇది మిగతావాటిలా లేదు."

వంగి చూశాను. ఆ హెచ్చరికల గుంపులో ఒకే ఒక్కటి: "ప్రాసెసరు 117: వాన కొలతల ఫైలు దొరకలేదు. వాన సున్నా అనుకుంటున్నాను."

నూట పదిహేడుకి అప్పగించింది ఎగువ కొండలు. అక్కడ చినుకే పడలేదని లెక్క కట్టేశాం!

ఫైలు సరిచేసి మళ్ళీ నడిపాం. ఈసారి తెల్లారేసరికి దిగువ వీధుల్లో నడుములోతు నీళ్ళని తేలింది. మా సొంత అక్క, ఆమె ఇద్దరు పిల్లలు ఉండేది ఆ వీధుల్లోనే. వెంటనే కబురు పంపితే, అధికారులు సాయంత్రానికల్లా అందరినీ బడి మేడ మీదికి చేర్చారు. అన్నట్టే నీళ్ళు వచ్చాయి. సామాన్లు పోయాయి, మనుషులు దక్కారు.

మర్నాడు చేతులు జోడించబోతే వరుసక్క కసిరింది. "దండాలు తర్వాత. ముందు ఈ గోల ఆపే దారి చూడు."

పాత ఆప్షను పీకేశాను. ఇకమీదట మొదటి ప్రాసెసరు తప్ప ఇంకేదీ హెచ్చరిక రాయకుండా ప్రోగ్రాం మార్చి, గర్వంగా చూపించాను.

ఆవిడ నవ్వింది. "అందరి నోళ్ళూ కుట్టేశావే! మరి మొన్న అసలు సంగతి చెప్పిందెవరు? నూట పదిహేడు కదా?"

నేను మార్చిన వరుసలు మళ్ళీ తెరిచాను.

"మా పిన్ని ఇంట్లో తొమ్మిది మంది పిల్లలం," అంది. "అందరం ఒకేసారి అరిస్తే పిన్ని ఒకటే అనేది: ఒకళ్ళు చెప్పండి, వేరే సంగతి ఉన్నవాళ్ళు మాత్రం ఆగకుండా చెప్పండి, అని."

వారం కూర్చుని అలాగే రాశాను. ఒకేలాంటి హెచ్చరికలన్నీ మొదటి ప్రాసెసరు దగ్గర పోగై, ఎన్నిసార్లు వచ్చాయో అంకెతో సహా ఒక్క వరుసగా కనిపిస్తాయి. తేడాగా ఉన్నది మాత్రం తన నంబరుతో విడిగా, అన్నిటికంటే పైన వస్తుంది. వరుసక్క నాలుగుసార్లు తిప్పికొట్టి, అయిదోసారి "ఇప్పుడు కుదిరింది" అంది. ఈ రోజుకీ మా లెక్కలు అలాగే నడుస్తున్నాయి.

ఇల్లు కడుక్కుని సర్దుకున్నాక మా అక్క పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చింది. వరుసక్కని చూడగానే తలుపు దగ్గరే నిలబడిపోయింది.

వరుసక్క కుర్చీ లాగింది. "ముందు కూర్చో తల్లీ. గోడలు ఆరాయా? పిల్లల పుస్తకాలేమైనా మిగిలాయా?"